ఉపదేశి కూతురు చూసిన సినిమా

మొన్న తాడేపల్లిగూడెంలో సినిమాకి వెళ్ళినప్పుడు, ముందు వరుసలో ఎవరో నీలగిరి తైలం సీసా మూత తీశారు. ఏసీ చలికి తాళలేక చేతిరుమాలుకి రాసుకున్నట్టున్నారు. ఆ ఘాటు నా దాకా వచ్చేసరికి, తెర మీద ఏం జరుగుతోందో కాసేపు నా బుర్రకెక్కలేదు. రూతమ్మ టీచరు గారు పక్క కుర్చీలో కూర్చుని ఊపిరి పీల్చుకుంటున్నట్టే అనిపించింది. ఆవిడ చేతిరుమాలు ఎప్పుడూ ఆ వాసనే వేసేది. ఆవిడ పోయి ఏళ్ళవుతోంది.

ఆవిడ ఏలూరులో ఒక మిషను స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఆ తరవాత ఊళ్ళో ఒక చిన్న కేబుల్ ఛానల్‌లో శనివారం సాయంత్రాలు కొత్త సినిమా గురించి అరగంట మాట్లాడేవారు. నేను అక్కడ ఎడిటింగ్ చేసేదాన్ని. మాది భీమడోలు. మా నాన్న శివాలయంలో అర్చకులు. రోజూ పాసింజరు బండిలో వచ్చి వెళ్ళేదాన్ని. సినిమాకి స్టార్లు ఇవ్వమని ఛానల్ ఓనరు గారు ఎంత అడిగినా ఆవిడ ఒప్పుకునేవారు కాదు. "జీవితమంతా మార్కులు వేసి విసిగిపోయానండీ, ఇంక వేయను" అనేవారు.

నేను చేరిన కొత్తలో ఆవిడ మాటల్లో తడబాట్లన్నీ కత్తిరించి, చక్కగా గుదిగుచ్చి చూపించాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ చివరిదాకా చూసి, "ఆ రెండో పాట గురించి నాకు తెలియదన్నానే, అదేదమ్మా?" అన్నారు.

"అది బాగోదని తీసేశానండీ."

"పెట్టెయ్యమ్మా. తెలియదన్న మాట తీసేస్తే మిగతాదంతా తెలిసే చెప్పానని అనుకుంటారు. అది అబద్ధం కదా."

ఆ మాట మళ్ళీ పెట్టాను. ఒకరి మాటను కత్తిరిస్తే మనిషి కూడా మారిపోతారని అంతకుముందు నాకు తట్టలేదు.

కొన్నాళ్ళకి ఒక సినిమా వచ్చింది. ఆ రోజులు ఇప్పటికీ బాగా గుర్తు. కథ కొల్లేటి లంకలో జరుగుతుంది. ఒక తల్లి, ఆమెకు ఒక్కడే కొడుకు. ఊళ్ళోకి వచ్చిన పాస్టరు మాటలకి లోబడి కొడుకు మతం మారతాడు, ఇల్లు చెదిరిపోతుంది. విడుదలకి ముందే గొడవ మొదలైంది. ఆపించాలని కొందరు థియేటర్ల ముందు నిలబడ్డారు. అందరూ చూసి తీరాలని ఇంకొందరు వ్యాన్లలో జనాన్ని తీసుకొచ్చారు. పేపర్లలో, ఫోన్లలో వచ్చిన సమీక్షలు చదివితే ఒకే సినిమా గురించి రాసినట్టు ఉండేది కాదు. రాసినవాళ్ళ పేరు చూస్తే చాలు, లోపల ఏముందో తెలిసిపోయేది.

ఏలూరులో థియేటరు దగ్గర పోలీసులుండటంతో మేమిద్దరం రైల్లో తాడేపల్లిగూడెం వెళ్ళి చూశాం. పాస్టరు ప్రసంగం దగ్గర హాలంతా నవ్వింది. "సహోదరులారా, సహోదరీలారా" అంటూ సాగదీసే ఆ పలుకు, ఆ గ్రాంథికం, ఆ చేతులు ఊపడం చూస్తే నాకూ నవ్వొచ్చింది. టీచరు గారు తల దించుకుని కూర్చున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు స్టేషన్లో బల్ల మీద కూర్చున్నాక అడిగారు. "ఆ ప్రసంగం దగ్గర నీకు నవ్వొచ్చింది కదమ్మా?"

"వచ్చిందండీ."

"మా నాన్న అలాగే మాట్లాడేవారు." ఆవిడ గొంతులో కోపం లేదు. "లంకల్లో ఉపదేశి ఆయన. ఇంటింటికీ తిరిగి బైబిలు చదివి వినిపించడం ఆయన పని. పెద్దగా చదువుకోలేదు. బైబిల్లో ఉన్న తెలుగే ఆయనకు వచ్చిన మంచి తెలుగు. చేపల బేరం కూడా ఆ భాషలోనే ఆడేవారు. నేను తెలుగు టీచర్నవడానికి ఆయన నోటి మాటే కారణం."

ఆవిడ మళ్ళీ అన్నారు. "నాకు సినిమా నచ్చలేదు. బాగోలేక నచ్చలేదో, మా నాన్నని చూసి నవ్వారని నచ్చలేదో తేలడం లేదు. తేలకుండా మాట్లాడకూడదు. రేపు మళ్ళీ చూస్తాను."

మర్నాడు నేనూ వెళ్ళాను. ఈసారి పాస్టరు ప్రసంగం వచ్చినప్పుడు ఆవిడ తల దించుకోలేదు. రైల్లో కిటికీ పక్కన కూర్చున్నారు. బయట చేపల చెరువులు ఒకదాని తరవాత ఒకటి వెళ్ళిపోతున్నాయి.

"ఆ తల్లి, కొడుకు ముట్టుకోకుండా వదిలేసిన ప్రసాదాన్ని గుమ్మంలో కూర్చుని తనే తింటుంది చూడు," అన్నారు. "నిన్న అది నాకు కనబడనే లేదమ్మా. అలాంటి తల్లులు ఉన్నారు. మా నాన్న మాట విని ఇల్లు వదిలి వచ్చిన కుర్రాళ్ళకీ తల్లులు ఉండే ఉంటారు. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ వాళ్ళ గురించి ఆలోచించలేదు."

ఆ శనివారం ఆవిడ కెమెరా ముందు కూర్చుని మొదట చెప్పిన మాటలు ఇవి: "నేను ఒక ఉపదేశి కూతుర్నండి. ఈ సినిమాని మొదటిసారి ఆయన కూతురుగానే చూశాను. రెండోసారి మామూలు ప్రేక్షకురాలిగా చూద్దామని ప్రయత్నించాను. పూర్తిగా కుదరలేదు. నా మాటల్లోంచి ఆ మేరకు తీసేసి వినండి." తరవాత తల్లి పాత్ర గురించి, సరస్సును తీసిన తీరు గురించి ఎంతో ఇష్టంగా చెప్పారు. పాస్టరుని మనిషిగా కాక వేషంగా రాశారని, అక్కడ రచయిత బద్ధకించాడని అన్నారు. ఆపమనేవాళ్ళ మాటని తాను ఒప్పుకోనని కూడా అన్నారు. నేను ఒక్క ముక్క కత్తిరించలేదు.

కత్తిరించే పని వేరేవాళ్ళు చేశారు. "ఉపదేశి కూతుర్నండి", "పూర్తిగా కుదరలేదు" అన్న రెండు మాటలూ అతికించి, ఎవరో ఫోన్లలో పంపారు. చూశారా, తనే ఒప్పుకుంది అని కింద రాశారు. అటు ఆవిడ చర్చిలో తిరిగిన ముక్క వేరు. అందులో తల్లి పాత్రని మెచ్చుకున్న మాటలు మాత్రమే ఉన్నాయి. ఆదివారం ఆరాధనలో ఆవిడ చదవాల్సిన బైబిలు పాఠం ఇంకొకరి చేత చదివించారు. ఇంట్లో ట్యూషనుకి వచ్చే పిల్లలు, వాళ్ళలో రెండు మతాలవాళ్ళూ ఉన్నారు, ఒక్కొక్కరే మానేశారు.

మా నాన్నకి మొత్తం కార్యక్రమం చూపించాను. ఆయన ఆసాంతం విన్నారు. "ఆవిడ చెప్పింది సబబుగానే ఉందమ్మాయ్," అన్నారు. "కానీ ఆ మొదటి మాట చెప్పకుండా ఉండాల్సింది."

"ఎందుకు నాన్నా?"

"సమీక్షలు రాసిన మిగతావాళ్ళెవరూ తమ సంగతి చెప్పుకోలేదు కదా."

ఛానల్ ఓనరు గారు మంచివారే. ఆవిడని పిలిచి, "ఏవండీ మేడం, కొన్నాళ్ళు ఆపుదామండీ. లేదంటే మీరు కనబడకుండా గొంతు మాత్రం వేద్దాం, పేరు కూడా వద్దు" అన్నారు. "గొంతుకీ తండ్రి ఉంటాడు కదండీ" అన్నారావిడ. ఆవిడ కార్యక్రమం అక్కడితో ఆగిపోయింది. కార్యక్రమం నన్ను చేయమని ఆయన అడిగినప్పుడు నేను వద్దన్నాను. టీచరు గారు ఇంటికి పిలిపించి మందలించారు.

"చెయ్యమ్మా. నీ పేరు చూసి నిన్నెవరూ అడ్డుకోరు. నీది ఏ మతమనీ, నీకేం పక్షపాతం ఉందనీ అడగరు. అడగరు కాబట్టి నిన్ను నువ్వే అడగాలి. అది కష్టం. నన్ను అందరూ అడిగారు, నాకు సులువైంది."

ఆ వానాకాలంలో ఆవిడకి పక్షవాతం వచ్చింది. ఆకివీడు అవతల లంకలో ఉండే చెల్లెలు తీసుకెళ్ళారు. నేను వెళ్ళేసరికి కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. నన్ను గుర్తుపట్టారు. ఏదో చెప్పాలని చాలాసేపు ప్రయత్నించారు, నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపడం ఆవిడకి నచ్చదని తెలుసు కనక, "తెలియలేదండీ" అన్నాను. ఆవిడ రెప్పలు వాల్చారు. ఇంకో నెలకి పోయారు.

ఆవిడని సమాధి చేసేటప్పుడు వచ్చినవాళ్ళు కొద్దిమందే. ఏలూరు నుంచి నేను, ఓనరు గారు. వాన పడుతోంది. తవ్విన గోతిలో నీళ్ళూరుతుంటే బకెట్లతో తోడుతున్నారు. అక్కడ చేపల చెరువులు చూసుకునే ఆవిడ మేనల్లుడు నా పక్కన నిలబడి, "మా అత్త అంత మాట అనకుండా ఉండాల్సిందండీ" అన్నాడు మెల్లగా.

"మీరు కార్యక్రమం చూశారా?"

"చూశానండీ. ఫోన్లో వచ్చింది."

"మొత్తమా?"

"లేదండీ. ఆ ముక్కే."

మొత్తం నా దగ్గర ఉందని, పంపిస్తానని చెప్పాను. నంబరు ఇచ్చాడు. పంపించాను. చూశాడో లేదో తెలియదు.

ఇప్పుడు ఆ కార్యక్రమం నేనే చేస్తున్నాను. మొన్న తాడేపల్లిగూడెంలో చూసిన సినిమా కూడా గొడవల్లో ఉన్నదే. అందులో అర్చకుడు గుడి నగలు దొంగిలిస్తాడు. చూస్తున్నంతసేపూ గుండెల్లో మంటగా ఉంది. మర్నాడు మళ్ళీ వెళ్ళి చూశాను. రెండోసారి కూడా ఆ మంట పూర్తిగా చల్లారలేదు. సినిమా మాత్రం నేను అనుకున్నదాని కంటే చాలా బాగుంది. కెమెరా ముందు, "మా నాన్న అర్చకులండి. అది దృష్టిలో పెట్టుకుని నా మాట వినండి" అని మొదలుపెట్టాను. ఇప్పుడు ఎడిటింగ్ చేసే అబ్బాయి అది తీసేద్దామన్నాడు. ఎవరూ అడగలేదు కదా మేడం అన్నాడు. ఉంచమన్నాను.

ప్రసారమయ్యాక కింద వచ్చినవన్నీ ఒక్కటి వదలకుండా చదివాను. మెచ్చుకున్నవే ఎక్కువ. ఎంత నిజాయితీ అండీ మీది, ఉన్నదున్నట్టు ఒప్పుకున్నారు అని రాశారు. ఒక పెద్దాయన అయితే, విమర్శకులంటే ఇలా ఉండాలి, ఈ రోజుల్లో ఇలాంటివాళ్ళు ఎక్కడున్నారు అని రాశారు. అలాంటావిడ ఏలూరులోనే ఉండేవారండీ, పేరు రూతమ్మ గారు అని కింద జవాబు రాశాను. ఇప్పటిదాకా ఆయన మళ్ళీ ఏమీ అనలేదు.