షుగర్ మాత్రల అక్క

ఆ రోజు కౌన్సిలరక్క, "మాత్రలు నీ భార్యకూ ఇచ్చినావా అప్పా?" అంటే, ఇచ్చానని అబద్ధమాడాను.

కరోనాతో ఆసుపత్రిలో ఆమె రోగులకు సలహాలు చెప్పే సుఖవ్యాధుల గది మూసేశాక, ఆమే బేతంచెర్లలో మేం బండలు పాలిష్ చేసే ఫ్యాక్టరీకి, ఆ జబ్బున్న మా కొందరికి మందులు తెచ్చేది. మా గుట్టు దాచడానికి, వీధిలో మాలో ఎవరు కనబడినా "షుగర్ మాత్రలు మింగుతాండావా?" అని కేకేసేది. అది నమ్మి నా భార్య అన్నం మాన్పించి, మూడుపూటలా కొర్రలే పెట్టింది.

ఆ రోజు నేను ఇచ్చాననగానే అక్క నా మొహం చూసి నవ్వింది. "షుగరైతే అంటుకోదప్పా. ఇది అంటుకుంటాది. ఆయమ్మ కడుపునొప్పంటే ఏం చెప్తావు?"

నా భార్యకు అప్పటికే నొప్పి మొదలైంది.

సాయంత్రం "నాకు షుగర్ లేదు" అని చెప్పి, ఆమెను అక్క ఇంటికి తీసుకెళ్లాను. అక్క ఆమెకు స్టూలు వేసి మాత్రలిచ్చింది. నేను నిలబడే, జబ్బు ఎక్కడ తెచ్చుకున్నానో ఇద్దరికీ చెప్పాను.