మామయ్యగారి సగం బ్యాటరీ

ఆ ఇంటి మామగారికి ఉన్నది ఒక్కటే జబ్బు. కరెంటుతో నడిచే వస్తువేది కంటబడినా తిరగేసి, వెనకున్న చీటీ చదివి, ఎన్ని వాట్లో తేల్చుకుంటేగానీ ఆయనకు ముద్ద దిగదు. కోడలు కాపురానికొచ్చిన రోజున "ప్రయాణం బాగా జరిగిందా?" అని అడగలేదు. "నీ హెయిర్ డ్రయ్యర్ ఎన్ని వాట్లమ్మాయ్?" అని అడిగారు.

పంటి డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చుని కూడా డ్రిల్లు వైపు వేలు చూపించి "ఎన్హి వాహ్లు?" అన్నారట.

"తెలిస్తే నొప్పి తగ్గుతుందాండీ?" అన్నాడు డాక్టరు.

తగ్గుతుందని తల ఊపారట.

ఆయన మేడమీద సోలార్ పలకలు పెట్టించి నెల్లాళ్లయింది. ఓ మిట్టమధ్యాహ్నం ఎండ పెళ్లున కాస్తుండగా కరెంటు పోయింది, ఫ్యాను ఆగిపోయింది. ఆయన మేడెక్కి పలకల్నీ సూర్యుణ్నీ మార్చి మార్చి చూసి, చెమటలు కక్కుతూ దిగొచ్చి మెకానిక్‌కి ఫోన్ చేశారు.

"ఇంత ఎండ నెత్తిన పెట్టుకుని ఫ్యాను తిరగదేమిటయ్యా?"

"మీది వీధి లైనుతో ముడిపెట్టిన సిస్టమండీ. లైను పోతే ఇదీ ఆగాలి. లేకపోతే స్తంభమెక్కినవాడికి షాక్ కొడుతుంది."

"వాడు క్షేమంగా ఉండాల్సిందే. మరి నేను ఉడికిపోవాలా?"

"హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ పెట్టించుకోండి. లైను పోగానే వీధితో తెగతెంపులు చేసుకుని మీ ఇంటిమట్టుకు నడుస్తుంది."

వారంలో పాత ఇన్వర్టరు దిగింది, కొత్తది ఎక్కింది. బ్యాటరీ మీద ఏవేవి నడవాలో మామగారే తేల్చారు.

"మామయ్యగారూ, మిక్సీ?"

"ఏడువందల యాభై! బ్యాటరీ కళ్లు తేలేస్తుంది."

"ఇస్త్రీ పెట్టె?"

"ఆ పేరు దాని ముందు ఎత్తకు."

అంతటితో ఆగలేదు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ సగానికి దిగిందంటే చాలు, గది గదికీ పరిగెత్తి ఫ్యాన్లన్నీ కట్టేసేవారు. "ఆ సగం ఎవరికోసం దాస్తున్నావు నాన్నా?" అని కొడుకు విసుక్కుంటే, "ఉండనీరా" అని ఊరుకునేవారు. బ్యాటరీ పెట్టించింది వాడుకోవడానికా, చూసుకు మురవడానికా అని కోడలు లోలోపల గొణుక్కునేది.

వానాకాలంలో ఓ పొద్దున గాలికి స్తంభం కూలింది. ఆకాశమంతా మబ్బు, పలకల నుంచి వచ్చేది అంతంతమాత్రం. పదకొండింటికల్లా బ్యాటరీ సగానికి దిగింది. మామగారు ఫ్రిజ్జుతో సహా అన్నీ కట్టేసి ఎటో మాయమయ్యారు. ఇవాళ తాడో పేడో తేల్చుకుందామని కోడలు ఆయన్ని వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్లింది. కొత్త ఇన్వర్టరు బోర్డు నుంచి కరెంటు వైరున్న నల్ల గొట్టం ఒకటి గోడ దాటి పక్కింట్లోకి పోతూ కనిపించింది. తనూ అటే నడిచింది.

పక్కింటి ముందుగదిలో మంచం మీద ముసలి దర్జీ, ముక్కుకు సన్నటి గొట్టం. పక్కన గుర్రుమంటూ ఆక్సిజన్ మిషను. దానికెదురుగా స్టూలు మీద మామగారు.

"మిషను వెనక చీటీ చదవడానికొచ్చారమ్మా ఓ రోజు," అంది దర్జీ భార్య. "మూడువందల యాభై అని చదివి, 'కరెంటు పోతే ఎలా చెల్లెమ్మా?' అన్నారు. చిన్న సిలిండరుంది, గంటసేపు వస్తుందన్నాను. మీకు బ్యాటరీ పెట్టిన రోజే మాకూ లైను లాగించారు. మీరు దాచే సగం బ్యాటరీతో ఈయనకి ఏడు గంటలు ఊపిరాడుతుందట."

కోడలు మామగారి వైపు తిరిగింది. "ఒక్క మాట చెప్తే మేం కాదంటామా మామయ్యగారూ?"

"కాదనవు. అదేగా భయం," అన్నారాయన. "చెప్తే నీ గదిలో ఫ్యాను కూడా వేసుకోవు. మన సగం మనం హాయిగా వాడుకోవాలి కదమ్మా."

సాయంత్రం నాలుగింటికి కరెంటొచ్చింది.

కొన్నాళ్లకు కాస్త తేరుకున్నాక దర్జీ, చొక్కా కుడతానని పట్టుబట్టి మామగారికి కబురంపాడు. మంచం మీద కూర్చునే మెడలో టేపు వేసుకున్నాడు. కోడలు కొలతలు రాసుకోవడానికి కాగితం పట్టుకుని నిలబడింది.

"ఇవన్నీ ఎందుకయ్యా," అంటూనే మామగారు సిగ్గుపడి, ఛాతీ విరుచుకుని ఊపిరి బిగబట్టారు.

"అలా బిగబట్టకండి అన్నగారూ," అన్నాడు దర్జీ టేపు వదులు చేస్తూ. "హాయిగా పీల్చుకోండి. అమ్మా, రెండంగుళాలు ఎక్కువే రాయి."