నిష్ఠూరం అనే మాట

నా భార్యకు పక్షవాతం వచ్చాక కాలూ చెయ్యీ కొన్ని నెలల్లోనే చాలావరకు తేరుకున్నాయి. మాట తేరుకోలేదు. ఆమె రేపల్లెలో హైస్కూల్లో తెలుగు టీచరు. నేను బాపట్లలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెబుతాను. కాపురం తెనాలిలో. పొద్దున్నే ఇద్దరం కలిసి స్టేషన్‌కు వెళ్లి చెరో రైలు ఎక్కేవాళ్లం. ఆ తర్వాత నేనొక్కడినే వెళ్లసాగాను. ఆమె అక్క, మా వదిన, దుగ్గిరాల నుంచి వచ్చి పగలంతా ఆమెకు తోడుండేది.

వారం వారం స్పీచ్ థెరపీకి తీసుకెళ్లేవాణ్ని. అక్కడొక అమ్మాయి బొమ్మల కార్డులు చూపించేది. ఆవు, గొడుగు, గ్లాసు. నా భార్య గ్లాసు బొమ్మ వంక చూసి, నోరు తెరిచి, మాట రాక కళ్లు మూసుకునేది. ఏళ్ల తరబడి పిల్లల చేత పద్యాలు వల్లె వేయించిన మనిషి.

"తొందరేం లేదు మేడమ్" అనేది ఆ అమ్మాయి.

తొందర నిజంగానే లేదు. అలసటే ఉంది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఇద్దరం మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆమెకు మాట రాక, నాకు ఓపిక లేక.

ఆ రోజుల్లోనే కాలేజీలో శైలి పాఠం వచ్చింది. కథలో వినిపించే గొంతునూ రచన తీరునూ ఏ మాటలతో చెప్పాలన్నది పాఠం. ఏ కథ ఇచ్చినా పిల్లలు "శైలి సరళంగా ఉంది, చాలా బాగుంది" అని రాసేవారు. దిద్దీ దిద్దీ నాకు సరళం అన్న మాట మీదే విసుగు పుట్టింది. పిల్లల్ని అనడం దేనికి, పుస్తకాల మీద రాసే పెద్దలూ అంతే. అన్నీ ఆర్ద్రంగా ఉంటాయి, అన్నీ గుండెను తాకుతాయి.

ఒకరోజు బోర్డు మీద మాటలు రాశాను. వ్యంగ్యం, ఎత్తిపొడుపు, హేళన, నిష్ఠూరం, నిర్వేదం, ఉదాసీనత. ఒక అమ్మాయి లేచింది.

"ఎత్తిపొడుపుకీ నిష్ఠూరానికీ తేడా ఏంటండి సార్? రెండూ దెప్పడమే కదండి?"

తేడా ఉందని తెలుసు. నోటికి రాలేదు. రేపు చెబుతానని గంట కొట్టేదాకా మరేదో చెప్పాను.

ఆ సాయంత్రం వసారాలో కూర్చుని ఉదాహరణ కోసం ఒక వాక్యాన్ని పైకి అనుకుంటున్నాను. నా భార్య పక్కన కుర్చీలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. వేళ్లకు మంచిదని డాక్టరు చెప్పిన పని అది.

"వచ్చావా! మేమున్నామని ఇన్నాళ్లకు గుర్తొచ్చిందన్నమాట" అని, "ఇది ఎత్తిపొడుపు" అనుకున్నాను.

"కాదు" అంది ఆమె.

అవును, కాదు, అక్కా. అప్పటికి ఆమెకు మిగిలిన మాటలు ఇవే. "మరేంటి?" అన్నాను, జవాబు వస్తుందన్న ఆశేమీ లేకుండానే.

పెదవులు చాలాసేపు తంటాలు పడ్డాయి. "ని... నిష్ఠూరం."

వదిన గరిటెతోనే వంటింట్లోంచి వచ్చింది. "ఏవన్నావే? ఏదీ, మళ్లీ అనవే!"

మళ్లీ అంది. నేను అదే వాక్యాన్ని మూతి విరుస్తూ, మనిషిని గుమ్మంలోనే నిలబెట్టినట్టు అన్నాను. "ఇప్పుడు?"

"ఎత్తి... పొడుపు."

మర్నాడు క్లాసులో చెప్పగలిగాను. నిష్ఠూరంలో నువ్వు రాలేదన్న బాధ ఉంటుంది. మనవాళ్లనుకున్నవాళ్లనే అలా అంటాం. ఎత్తిపొడుపుకు పొడవడమే పని, ఎవరినైనా పొడవొచ్చు. ఆ అమ్మాయి తల ఊపింది.

థెరపీ అమ్మాయి పెద్దగా ఆశ్చర్యపోలేదు. "బాగా వాడిన మాటలు ఒక్కోసారి ముందొస్తాయండి సార్. కొన్నాళ్లు బొమ్మలు ఆపి వీటితోనే చేద్దాం."

అలా ప్రతి సాయంత్రం ఏదో ఒక కథలోంచి కొన్ని వాక్యాలు చదివి, ఆ గొంతు ఎలాంటిదో అడిగేవాణ్ని. కొన్ని రోజులు మాట వచ్చేది, కొన్ని రోజులు ఏదీ వచ్చేది కాదు. ఉదాసీనత అనగలిగిన మనిషి మజ్జిగ అనలేక చెయ్యి చూపించేది. ఒకరోజు నేను వదలకుండా అడుగుతుంటే పుస్తకం మీద అరచెయ్యి పెట్టి "చాలు" అంది. కొత్త మాట. వదినను పిలిచి చెప్పాలనిపించలేదు. కోపం కూడా లేని ఆ గొంతు విని పుస్తకం మూసేశాను.

మళ్లీ పాఠం చెప్పలేనని ఆమెకే తెలిసిపోయింది. ఉద్యోగం మానేస్తున్నట్టు కాగితాలు ఇవ్వడానికి ఇద్దరం రేపల్లె వెళ్లాం. హెడ్మాస్టరు శాలువా కప్పి, మేడమ్ గారు విద్యాసుమాలను వికసింపజేసిన వసంతమనీ, ఈ బడికి వెలుగు తెచ్చిన అఖండ దీపమనీ చాలాసేపు మాట్లాడారు. ఆమె శాలువా అంచు పట్టుకుని కదలకుండా కూర్చుంది.

తిరుగు రైల్లో అడిగాను, "ఎలా మాట్లాడారు?"

"ఆడం... బరం" అంది, భట్టిప్రోలు దాటాక.

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. కిటికీలోంచి చూస్తూ, కాసేపటికి, నేనేమీ అడగకుండానే, "పాపం, మంచోడు" అంది. రెండు మాటలు, ఒకదాని పక్కన ఒకటి. నేను తల తిప్పలేదు. తిప్పితే ఇంకో మాట అడుగుతానని.

తెనాలిలో దిగేసరికి ఇద్దరికీ ఒళ్లు హూనమైంది. "ఎక్కడికండి?" అన్నాడు ఆటో అతను. నేను చెప్పబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. మా పేట పేరు కోసం నోరు తెరిచి అలాగే నిలబడింది. వెనక బండ్లు హారన్ కొడుతున్నాయి. ఆమె నా వంక చూసింది.

నేనే చెప్పాను.