పద్నాలుగో ఫారం

మా చిన్నప్పుడు ఇంటికి పుస్తకం వస్తే నాన్న మొదట చేసే పని... దాని కుట్లు విప్పడం. అట్ట ఊడదీసి, వీపున ఉన్న బంక తడిపి గీకి, దారం కోసి, పదహారేసి పేజీల ఫారాలుగా విడదీసేవాడు. ఒక్కోదాని మూలన ఎర్ర పెన్సిల్‌తో నంబరు వేసేవాడు.

గుండెలు పట్టుకోకండి పుస్తకప్రియులారా... ఆయన బైండరు. నగర్తపేటలో ఒక చిన్న బైండింగ్ షాపులో పని, వెనకున్న వఠారంలో మా కాపురం. హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చిన తొమ్మిది ఇళ్లు, ఒకటే కొళాయి. అందరికీ చదువు పిచ్చే గానీ, ఈ కన్నడ ఊళ్లో వారానికి దొరికేది ఒక్క తెలుగు పుస్తకం... అదీ ఒక తెలుగు సంఘం లైబ్రరీలో నాన్న కార్డు మీద.

ఒకరు చదివేదాకా ఎనిమిది ఇళ్లు ఆగుతాయా? అందుకే ఫారాలు. మొదటిది చదివి పక్కింటికిచ్చి, రెండోది అందుకోవాలి. వారం తిరిగేసరికి అన్నీ నాన్న దగ్గరికి చేరేవి. ఆయన చదివి, మళ్లీ కుట్టి, అట్ట వేసి ఇచ్చేసేవాడు. లైబ్రరీ సారుకి ఏనాడూ అనుమానం రాలేదు. నాన్న కుట్టు అచ్చాఫీసు కుట్టు కన్నా గట్టిది మరి.

నియమం ఒక్కటే... వరస తప్పకూడదు. నా తర్వాత ఎదురింటి కామాక్షక్క, అందరికన్నా ఆఖరున నాన్న.

ఇదంతా ఇప్పుడెందుకంటారా... మొన్న మన పుస్తకాల గ్రూపులో ఒకావిడ పెట్టిన ఫొటో చూసినప్పటి నుంచి నాకు ఒళ్లు మండిపోతోంది.

నాకప్పుడు పదకొండేళ్లు. ఆ వారం వచ్చింది పద్నాలుగు ఫారాల నవల. తప్పిపోయిన అన్నను వెతుక్కుంటూ ఒక అమ్మాయి ఊళ్లు పట్టి తిరుగుతుంది. అతను దొరుకుతాడా లేదా అని కొళాయి దగ్గర ఆడవాళ్లు రోజూ వాదులాడుకునేవాళ్లు. ఆఖరి ఫారం నా చేతికొచ్చిన పొద్దున, నేనింకా మొదటి పేజీ కూడా తిప్పలేదు... కామాక్షక్క వచ్చింది. వాళ్లాయనకి మగ్గాల పని దొరికి, ఆ మధ్యాహ్నమే దొడ్డబళ్ళాపురం వెళ్లిపోతున్నారు.

"నాకు ముందియ్యి పాపా. గంటలో చదివేసి నీ చేతిలో పెడ్తా" అంది.

నాకు రోజూ జడ వేసే మనిషి. ఇచ్చాను. వరస తప్పించాను. బడి నుంచి వచ్చేసరికి వాళ్ల గది ఖాళీ... గోడలకి మేకులు తప్ప ఏమీ లేవు.

నాన్నకు అంతా చెప్పాను. ఆదివారం నన్ను వెంటబెట్టుకుని దొడ్డబళ్ళాపురం తీసుకెళ్లాడు. కామాక్షక్క గుమ్మంలోనే నిలబడి, నా మొహంలోకి సూటిగా చూస్తూ చెప్పింది...

"పొయ్యేటప్పుడే పాప చేతికి ఇచ్చేసినాను కదన్నా. యాడన్నా పారేసుకొని ఉంటాది."

తిరుగు బస్సులో నాన్న నన్నేమీ అనలేదు. నమ్మాననీ అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నాలుగు దెబ్బలు వేసినా బాగుండేది.

లైబ్రరీ సారు అందరి ముందూ కడిగేశాడు. అట్టలు వేసే చేత్తోనే పుస్తకాలు చించుతావా అన్నాడు. నాన్న తల వంచుకుని ఒకటే మాట అన్నాడు.

"చించలేదు సార్... విప్పినాను."

వినలేదు. కార్డు లాక్కుని, ఆ పదమూడు ఫారాలూ నాన్న చేతిలోనే పెట్టి పొమ్మన్నాడు. తర్వాత నాన్న జీవితంలో మళ్లీ నవల ముట్టలేదు. ఊరందరి పుస్తకాలూ కుట్టాడు, ఒక్కటీ తెరిచి చదవలేదు. వఠారంలో నాకు పడ్డ పేరు... పారేసుకున్న పిల్ల. ఆ నవల మళ్లీ అచ్చు కాలేదు. అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల దుకాణాలన్నీ గాలించాను, దొరకలేదు.

ఇప్పుడు ఆ ఫొటో సంగతి. "దొడ్డబళ్ళాపురంలో అమ్మ పెట్టె సర్దుతుంటే దొరికిన నిధి! పదహారు పేజీలే ఉన్నాయి. అమ్మ ఇన్నేళ్లూ వీటిని ఎవర్నీ ముట్టనివ్వలేదు. మిగతా పుస్తకం ఎవరి దగ్గరైనా ఉందా ఫ్రెండ్స్?"

పేజీ మూలన ఎర్ర పెన్సిల్‌తో పద్నాలుగు. నాన్న నాలుగంకె... పైన ముడి వేసినట్టు రాసేవాడు.

కింద ఎన్ని హార్టులో! "అమ్మగారి పుస్తకప్రేమకు నమస్సులు" అట. ప్రేమా? మా ఇంట్లో దాన్ని దొంగతనం అంటారు.

అసలు ఈ గ్రూపే అంత. కాఫీ కప్పు పక్కన పెట్టి కొత్త పుస్తకాల దొంతరకి ఫొటో. చదివాక ఒకసారి ఇవ్వండీ అని అడిగితే "లింకు పెడతాను" అంటారు. ఒక్క పుస్తకాన్ని తొమ్మిది ఇళ్లు చదివిన రోజులు చూసినదాన్ని... నాకు ఈ దొంతరలు చూస్తే కడుపు మండుతుంది.

ఉంది తల్లీ, మిగతా పుస్తకం ఉంది. పదమూడు ఫారాలూ ఇక్కడే, యలహంకలో, నా బీరువాలో. ఆదివారం వస్తున్నాను. సూదీ దారం నేనే తెచ్చుకుంటాను. కాఫీలు, పలకరింపులు వద్దు. మీ అమ్మగారిని మాత్రం గుమ్మంలో కూర్చోబెట్టు. నా మొహం చూసి "పాపకు ఇచ్చేసినాను" అని ఇంకొక్కసారి చెప్పమను.

మిగతావాళ్లు... ఈ పోస్టుకి హార్టులు పెట్టకండి. లేచి మీ అలమారాలు వెతకండి. ఎవరి పుస్తకం మీ దగ్గర ఉండిపోయిందో, ఎప్పుడు తిరిగిస్తున్నారో... అది రాయండి కామెంట్లో.

నాన్న పోయి ఆరేళ్లయింది. అన్న దొరికాడో లేదో ఆయనకు తెలియనే లేదు. ఆ బస్సులో ఆయన పక్కన కూర్చుని చూపించాల్సిన పేజీలు ఇవి... ఇప్పుడు దొరికాయి.