తువ్వాల కింద ఓట్లు

ప్రపంచంలో ఇప్పటిదాకా జరిగిన ఎన్నికల్లో అన్నిటికన్నా కష్టమైనదాన్ని నడిపింది నేనే. ఈ మాట నేను ఎవరి దగ్గరైనా మొదలుపెడితే చాలు, మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో గిన్నె మీద ఒక దెబ్బ కొడుతుంది. సగం తగ్గించి చెప్పమని దానర్థం. సరే, తగ్గిస్తాను. పెబ్బేరు పశువుల సంతలో జరిగిన ఎన్నికల్లో అన్నిటికన్నా కష్టమైనదాన్ని నడిపింది నేనే. అంతకుముందు అక్కడ ఎన్నికంటూ జరగనే లేదు కాబట్టి దీన్ని కాదనే మొనగాడు లేడు.

సంత గేటు పక్కన నాకొక జిరాక్స్ దుకాణం ఉంది. దరఖాస్తులు రాసిపెడతాను, ఫారాలు నింపుతాను. వనపర్తిలో డిగ్రీ చదివాను. ఆ డిగ్రీ నాకు ఉద్యోగం ఇవ్వలేదు గాని, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటిచ్చింది. మొదటిసారి ఆ ఓటు వేయడానికి వెళ్ళినప్పుడు బ్యాలెట్ కాగితం చేతికిచ్చారు. విప్పుతుంటే విప్పుతూనే ఉంది. ఒక కొస నా చేతిలో ఉంటే రెండో కొస బీచుపల్లి వంతెన దాటి గద్వాలలో ఉందేమో అనిపించింది. అందులో ఉన్నన్ని పేర్లు మా ఊరి రేషన్ జాబితాలో కూడా ఉండవు. ముద్ర గుద్దడం లేదు, బటన్ నొక్కడం లేదు. వాళ్ళిచ్చిన ఊదా రంగు స్కెచ్ పెన్నుతో, అందరికన్నా ఎక్కువ కావాలనుకున్న మనిషి ఎదురుగా ఒకటి, ఆ తర్వాతి మనిషికి రెండు, అట్లా వరసగా అంకెలు వేసుకుంటూ పోవాలి. సగానికి మించి ఒకట్లు ఎవరికీ రాకపోతే, అందరికన్నా తక్కువ వచ్చిన మనిషిని తీసేస్తారు. ఆ కాగితాల మీద రెండు ఎవరికి వేసి ఉంటే వాళ్ళకు ఆ ఓట్లు పోతాయి. ఓటు మురిగిపోదు.

ఈ చివరి మాట నాకు ఎంత నచ్చిందంటే, తిరిగొచ్చాక రెండు నెలలపాటు హోటల్లో చాయ్ తాగే ప్రతి మనిషికీ చెప్పాను. వినేవాళ్ళు లేనప్పుడు కట్టేసిన ఎడ్లకు చెప్పాను. ఎడ్లే నయం, మధ్యలో లేచి పోలేదు.

మా సంతకు ఒక సంఘం ఉంది. దళారులు, గడ్డి అమ్మేవాళ్ళు, తాళ్ళు అమ్మేవాళ్ళు, ఫలహారాల వాళ్ళు అందులో సభ్యులు. సంతకు ఏం కావాలన్నా మునిసిపాలిటీకి పోయి అడిగేది సంఘం అధ్యక్షుడే. హైదరాబాదుకు మేయరుంటే ఉండనీ, మాకు ఆయనే మేయరు. దళారుల్లో పెద్దాయన ఒకాయన ఎన్నో ఏళ్ళుగా, ఎవరూ ఎన్నుకోకుండానే, ఆ కుర్చీలో ఉన్నాడు. ఈసారి గేటు దగ్గరి హోటలాయన "నేను గూడ నిలవడ్త" అన్నాడు. ఆ మర్నాడు తాళ్ళ దుకాణం ఆవిడ కూడా పోటీకి దిగింది. ముగ్గురయ్యేసరికి అందరూ నా వైపు చూశారు. రెండు నెలలు చెప్పిన ముచ్చట ఇప్పుడు నా మెడకే పడింది. ఎన్నికల అధికారిని నేనే.

తాళ్ళ ఆవిడ దుకాణమంటే, నా దుకాణం ముందు పరిచిన ఒక టార్పాలిన్. దాని మీద ముకుతాళ్ళు, పగ్గాలు, మువ్వలు. ఇరవై ఏళ్ళుగా ప్రతి సంత రోజూ నేను చాయ్ తెప్పించి "చెల్లె, తాగు" అంటాను, ఆవిడ "వద్దన్నా" అంటుంది. ఎందుకు తాగదో నేనే రకరకాల కథలు అల్లాను. శ్రీశైలం మల్లన్నకు చాయ్ వదిలేసిందని ఒకరికి చెప్పాను. చాయ్ పొడి వాసనకు కళ్ళు తిరిగి కిందపడిందని, లేపడానికి నలుగురు పట్టారని ఇంకొకరికి చెప్పాను. ఆ రెండోది అచ్చంపేట దాకా పోయి, ఎనిమిది మంది పట్టారని నాకే తిరిగొచ్చింది.

పేరు రాయించుకోవడానికి వచ్చిన రోజు అడిగాను.

"నీకెందుకు చెల్లె ఈ లొల్లి? మంచిగ దుకాణం నడుస్తుంది గద?"

"సంతల ఆడోళ్ళకు బాత్రూం లేదన్నా. తెల్లారక ముందే వస్త, పొద్దుమూకినంక పోత. నీళ్ళు తాగితే యాడికి పోవాలె? అందుకే తాగ. నువ్వు ఇరవై ఏండ్ల సంది చాయ్ అంటున్నవ్, నేను వద్దంటున్న."

ఏ మాటనైనా పదింతలు చేసి చెప్పేవాణ్ణి. ఈ మాటను ఏం చేయాలో నాకు తెలియలేదు. ఆమె పేరు రాసుకుని, ఈ ఎన్నిక కోసమే కొన్న ఊదా పెన్ను మూత రెండుసార్లు తీసి పెట్టాను.

ఎన్నిక కూడా సంత రోజే. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక, లారీల్లోకి పశువుల్ని ఎక్కించే గట్టు మీద పరదా కట్టాం. పెద్దాయనకు ముల్లుగర్ర గుర్తు, హోటలాయనకు చాయ్ గ్లాసు, ఆమెకు పగ్గం. కాగితాలు నా మిషను మీదే జిరాక్స్ తీశాను. వరసలో మొదట నిలబడ్డ దళారి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి నా చేతికే ఇచ్చాడు.

"అంకెలేసుడు మాతోని గాదు సారూ. కాయితం మీద మేమెన్నడన్న మాటిచ్చినమా?"

"మరెట్ల?"

"చెయ్యి తే. తువ్వాల గప్పు."

సంతలో బేరాలన్నీ అట్లాగే జరుగుతాయి. ఇద్దరూ చేతులు కలుపుతారు, పైన తువ్వాల కప్పుతారు. లోపల వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ పది మంది ఉన్నా ఎవరికీ తెలియదు. ఇంతకు మించిన రహస్య ఓటింగు ఎక్కడుంది? నేను గుర్తు పేరు చెబుతాను, వాళ్ళు తువ్వాల కింద నా చేతిలో ఒక వేలో, రెండు వేళ్ళో, మూడు వేళ్ళో పెడతారు. ఆ అంకె నేను కాగితం మీద వేస్తాను. ఆడవాళ్ళు నా చేతిలో చెయ్యి పెట్టేది లేదన్నారు. వాళ్ళ కోసం మా ఆవిడను పరదాకు అవతలి వైపు కూర్చోబెట్టాను. తువ్వాలకు బదులు చీర కొంగు.

ఆ రోజు నా చేతిని పిసికిన చేతులు ఒక్కొక్కటీ ఒక్కో జత కాడెడ్లను లొంగదీసినవి. సాయంత్రానికి నా అరచెయ్యి చపాతీ అయింది. అయితే ఒక సంగతి గమనించాను. "పగ్గం" అన్న ప్రతిసారీ దాదాపు ప్రతి చెయ్యీ రెండు వేళ్ళు పెడుతోంది. ముల్లుగర్ర వాళ్ళూ రెండే, గ్లాసు వాళ్ళూ రెండే. ఆ వేళ్ళు పెట్టడంలో ఒక గట్టిదనం కూడా ఉంది. ఒకటో నంబరుకు వేలు ఊరికే తగిలించినట్టు పెట్టి, పగ్గానికి ఈ రెండు వేళ్ళూ నొక్కి పెట్టారు.

నోరు ఆగితే నేను నేనెట్లా అవుతాను? నోరు ఆపాను గాని కనుబొమ్మలు ఆపలేకపోయాను. నీళ్ళు తాగడానికి బయటికి వచ్చినప్పుడు, ఎదురుగా కూర్చున్న తాళ్ళ ఆవిడ వైపు చూసి రెండు కనుబొమ్మలూ ఎగరేశాను, నీదే గెలుపన్నట్టు. ఎన్నికల అధికారి చేయకూడని పని. ఆమె నా ముఖం చూసి, నవ్వకుండా తల దించుకుని తాడు పురి సర్దుకుంది.

లెక్క మొదలైంది. మొత్తం అరవై ఒక్క కాగితాలు. ఒకట్లు వేరు చేశాను. ముల్లుగర్రకు ఇరవై ఆరు, గ్లాసుకు ఇరవై ఒకటి, పగ్గానికి పద్నాలుగు. ఆ పద్నాలుగూ మా ఆవిడ దస్తూరీ, అంటే ఆడవాళ్ళవి. మిగిలిన కాగితాల మీద పగ్గం ఎదురుగా వరసగా రెండు, రెండు, రెండు. అన్ని రెండ్లను నేను ఎక్కడా చూడలేదు. కాని ఆ రెండ్లు చూడాలంటే ముందు ఆమె బతికి ఉండాలి గదా! ఒకట్లు తక్కువ వచ్చిన మనిషి ఆమే. తీసేయాల్సింది ఆమెనే.

"పగ్గం తీసేస్తున్నం" అని చెప్పాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

ఇందాక వరసలో మొదట నిలబడ్డ దళారి ఎగిరి గట్టెక్కాడు.

"ఆగు సారూ! పగ్గం తీసేసుడేంది? నేనిచ్చిన గద పగ్గానికి!"

"నువ్విచ్చింది రెండో నంబరు."

"ఔ, రెండోదే అసలుది! మొదలే అసలు మాట జెప్పేటోడు సంతల యాడన్న ఉన్నడా? మొదటిది ఊకెనే ఏసి సూస్తం. నువ్వు 'గిట్ల గాదు, ఇంకో మాట జెప్పు' అంటవని సూస్తున్న. నువ్వు అననే లేదు, తువ్వాల గుంజేస్తివి!"

"నేను గూడ గంతే సారూ" అన్నాడు ఇంకొకడు. "నేను గూడ" అన్నాడు వాడి వెనకవాడు. చూస్తుండగానే గట్టు చుట్టూ "నేను గూడ" అనేవాళ్ళే. మొదటి మాట ఉత్తదని, రెండో మాట దగ్గర బేరం మొదలవుతుందని పుట్టినప్పటి నుంచీ నేర్చుకున్న చేతులవి. రెండు నెలలు నేను చెప్పిన ఉపన్యాసం ఆ చేతులకు చేరలేదు. చేరాల్సింది చెవులకు కాదని నాకు తట్టనూ లేదు.

"మల్ల పెట్టు ఎన్నిక!" అని అరుపులు. నేను కూడా సరే అనబోయాను. అప్పుడు తాళ్ళ ఆవిడ లేచింది.

"ఏందన్నా మల్ల పెట్టేది? తువ్వాల తీసినంక బేరం అయిపోయినట్టే గద? ఇంటికి తోలుకపోయినంక ఎద్దు కుంటుతుందని మల్లొచ్చి తువ్వాల కప్పుమంటే కప్పుతరా మీరు? నా కాయితాలు ఎవరికి పోవాలెనో పంచు. లెక్క ముగియనియ్యి."

అది వాళ్ళ చట్టమే. గట్టెక్కిన దళారి కిందికి దిగాడు.

ఆమె పద్నాలుగు కాగితాలు తిరగేశాను. ఒకదాని మీద ఒకటి తప్ప ఇంకో అంకె లేదు. అది గడ్డి అమ్మే ముసలవ్వది. గుట్టు బయటపడిందని ఆమెకేం చింత లేదు, "నాకు ఒక్కతే చాలు బిడ్డా, రెండో మనిషెందుకు" అని అక్కడే గట్టిగా చెప్పింది. మిగిలిన పదమూడింటి మీదా రెండు ఒక్కచోటే ఉంది. గ్లాసు. ఇరవై ఒకటికి పదమూడు కలిస్తే ముప్పై నాలుగు. హోటలాయన గెలిచాడు.

హోటలాయన చేతులు తువ్వాలకు తుడుచుకుంటూ ముందుగా ఆమె దగ్గరికే పోయాడు. "తాళంచెవి వచ్చే సంతకు దెస్త అక్కా. బాత్రూం గోడకు దరఖాస్తు గూడ ఇస్త" అన్నాడు. పెద్దాయన తన ముల్లుగర్ర మీద గడ్డం ఆనించుకుని ఇద్దర్నీ చూస్తున్నాడు.

అందరూ పోయాక ఆమెను అడిగాను.

"గెలవవని నీకు ముందే తెల్సా చెల్లె?"

"ఇరవై ఏండ్లు ఈళ్ళ నడుమ కూసున్న. ఈళ్ళు మొదటి మాట నిజం జెప్పరని నాకు తెల్వదా? ముందుగాల పెద్దాయన్ను అడిగిన, బాత్రూం కట్టిస్తవా అని. 'జూద్దాం తియ్ బిడ్డా' అన్నడు. జూద్దాం అంటె ఏందో తెల్వనిదాన్నా? అందుకే హోటలాయనతోని మాట్లాడుకున్న. ఆయన హోటలెనక బాత్రూం ఉన్నది గద. కట్టేదాంక సంతనాడు అది ఆడోళ్ళకు తెరవాలె, మా రెండో ఓటు ఆయనకు."

"ఎప్పుడు మాట్లాడుకున్నరు?"

"పోయిన సంతల. నీ దుకాణం ముంగటనే. ఆయన తువ్వాల కిందనే చెయ్యి పెట్టిన. నువ్వు ఆడనే ఉంటివి, ఎవరికో ఎమ్మెల్సీ ఓటు ముచ్చట జెప్తుంటివి."

ఆ సంతలో ఒక ఆడమనిషి చెయ్యి తువ్వాల కిందికి పోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు. నా కళ్ళ ముందే జరిగింది, నేనూ చూడలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడ మీద కోప్పడ్డాను. పదమూడు చేతులు ఒకే మాట చెబితే నాకొక్క ముక్క చెప్పకూడదా అన్నాను.

"రహస్యం, రహస్యం అని రెండు నెల్లు నా చెవుల్ల ఊదింది నువ్వే గద? నేను కనుబొమ్మలు ఎగరెయ్యలే" అంది. పరదా అవతలి నుంచి ఆ సంగతి కూడా చూసింది.

అప్పటినుంచీ ఒక ఆలోచన నన్ను వదలడం లేదు. దళారుల్ని చూసి నవ్వాను గాని, ఆ పొడుగాటి బ్యాలెట్ మీద నేను చేసిందేమిటి? నాకు నిజంగా నచ్చిన మనిషి అందులో ఒకాయన ఉన్నాడు. ఎట్లాగూ గెలవడులే అనుకుని ఆయనకు మూడు వేశాను. గెలుస్తాడని అందరూ అన్న మనిషికి ఒకటి వేశాను. అడిగింది నా మనసులోని వరస. నేనిచ్చింది ఊరి మనసులోని వరస. నా ముఖం మీద కూడా ఒక తువ్వాల కప్పి ఉన్నట్టుంది. ఈ సంత ఎన్నికలో నాకు ఓటు లేకపోవడం నా అదృష్టం. ఉంటే, ఇరవై ఏళ్ళు నా ఎదుట దప్పికతో కూర్చున్న మనిషికి ఒకటి వేసేవాణ్ణని గట్టిగా చెప్పలేను. పెద్దాయన మనుషులే నా దుకాణానికి గిరాకీ. రెండే వేసేవాణ్ణి, బాగా నొక్కి వేసేవాణ్ణి.

తర్వాతి సంతకు హోటల్ గుంజకు ఒక తాళంచెవి వేలాడింది, ఆమె దుకాణంలోని మువ్వకు కట్టి. ఎవరు తీసినా గల్లుమంటుంది. మొదట గడ్డి ముసలవ్వ తీసింది. ఆ చప్పుడు నాగర్‌కర్నూల్ దాకా వినపడిందని నేనంటాను. గేటు దాకా మాత్రం తప్పకుండా వినపడింది.

పది గంటలప్పుడు తాళ్ళ ఆవిడ నా వైపు తిరిగింది.

"అన్నా, చాయ్ తెప్పియ్."

నేనే లేచి పోయి తెచ్చాను. మెల్లగా ఊదుకుంటూ సగం తాగింది. సగం కాగానే గ్లాసు కింద పెట్టింది.

"ఏమైంది చెల్లె, మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది. ఇయ్యాల్టికి సగం చాలు. సంతల మా బాత్రూం గోడ లేసిననాడు మొత్తం తాగుత."

ఆ గ్లాసును టార్పాలిన్ అంచున, పగ్గాల పక్కన, దారిన పోయేవాళ్ళకు కనపడేటట్టు పెట్టుకుంది. కొత్త అధ్యక్షుడు ఆ దారినే నాలుగైదు సార్లు పోయాడు. గ్లాసు ఆయనదే. పొద్దుమూకేదాకా తీసుకుపోవడానికి చెయ్యి చాపలేదు.