బెత్తెడు ఎడమకు

కూరెకుప్ప జాతరలో మిరపకాయ బజ్జీల బండి పక్క మూల దేవక్కది. చెక్క పలకకు బెలూన్లు కట్టి, గాలితుపాకీతో కాల్పించడం ఆమె వృత్తి. అంతకుముందు ఆమె తల్లి ఉచ్చంగెమ్మ అదే మూలలో, అదే తుపాకీతో ఊరి పౌరుషాన్ని పరీక్షించేది. ఆ తుపాకీ గుండు గురికి బెత్తెడు ఎడమకు పోతుంది. ఈ సంగతి ఎవరూ పైకి అనరు. తుపాకీ పట్టగానే ఊరివాళ్ళ చేతులు వాటంతటవే కుడికి జరుగుతాయి. పరాయి ఊరి అల్లుళ్ళు మాత్రం తిన్నగా గురిపెట్టి, బామ్మర్దుల ముందు పరువు పోగొట్టుకుంటారు.

ఈ ఏడు ఆమె ఎదురుగా బళ్ళారి గాంధీనగర్ నుంచి వచ్చిన ఈరేశ్ అంగడి వెలిసింది. సరికొత్త షూటింగ్ గేమ్. కళ్ళకు డబ్బాలాంటి అద్దాలు, చేతికి ప్లాస్టిక్ తుపాకీ. ఆడేవాడికి కనిపించే శత్రువులు చూసేవాళ్ళకు టీవీలో కనిపిస్తారు.

పాతుకుపోయిన ఆటల ముందు కొత్త షూటింగ్ గేమ్ నిలబడుతుందా అన్న ప్రశ్న పెద్ద పెద్ద కంపెనీలకే నిద్ర పట్టనివ్వదట. జాతర కమిటీ పెద్ద కెంచప్ప దాన్ని బజ్జీ నములుతూ తేల్చాడు. ఎవరి దగ్గర జనం నిలిస్తే వచ్చే ఏటి నుంచి ఆ మూల వాళ్ళది.

జనమంతా ఈరేశ్ దగ్గరికే పోయారు. దేవక్క బెలూన్లు గాలి తగ్గి ముడతలు పడసాగాయి.

అయితే కొత్త ఆటలో ఒక్కరి గుండూ తగల్లేదు. ఏటా బెలూన్లన్నీ పేల్చే మారన్న శత్రువుల చేతిలో చచ్చి, అద్దాలు తీసి, "ఏందప్పా ఇది, గన్ను సొట్టగా ఉండాది" అన్నాడు. కెంచప్ప స్వయంగా దిగి, కమిటీ అధ్యక్షుడికి తగిన హుందాతనంతో చచ్చాడు.

టీవీ చూస్తున్న దేవక్కకు విషయం అర్థమైంది. ప్రతి గుండూ గురికి బెత్తెడు కుడిగా పోతోంది. లోపం గన్నుది కాదు, రెండు తరాలుగా తామిచ్చిన శిక్షణది.

ఈరేశ్ గన్ను తిన్నగానే ఉందని ఒట్లు వేసి, చివరికి ఆమె దగ్గరికే వచ్చాడు. "అక్కా, నువ్వు తుపాకుల మనిషివి. నువ్వే చెప్పు."

కెంచప్ప సరేనన్నాడు. ప్రతివాదినే న్యాయమూర్తిని చేయడం కోర్టుల్లో కుదరదు గాని, జాతరల్లో కుదురుతుంది.

దేవక్క అద్దాలు పెట్టుకుంది. ఎదురుగా గడ్డపు శత్రువు. తిన్నగా అతని ముక్కుకే గురిపెట్టింది. అంతలో బజ్జీల వాసన వచ్చింది. తల్లి నిలబడిన మూల గుర్తొచ్చింది. చెయ్యి మెల్లగా కుడికి జరిగింది. కాల్చింది.

"సొట్టే, కెంచప్పన్నా" అంది.

జనం బిలబిలమంటూ బెలూన్ల వైపు మళ్ళారు. మూల ఆమెకే ఖాయమైంది.

చివర్లో ఈరేశ్ కూడా వచ్చి ఆమె తుపాకీ పట్టాడు. తిన్నగా గురిపెట్టాడు, తప్పింది. మళ్ళీ తప్పింది. దేవక్క చుట్టూ చూసి, అతని చెవి దగ్గర "రవ్వంత కుడికి పట్టప్పా" అంది.

బెలూన్ పేలింది. ఈరేశ్ తుపాకీని చూశాడు, తన టీవీని చూశాడు, తర్వాత దేవక్కను చూశాడు.

"వచ్చే ఏటికి నీ గన్నును ఎడమకు వంచుకో నాయనా. ఈడ అట్లనే ఆడతారు" అంది ఆమె, ఇంకో బెలూన్ ఊదుతూ. "మూల మాత్రం అడగొద్దు."