ముందుగాల ఏమైంది

మానుకోట టాకీసులో మా అత్తమ్మతో చూసిన సినిమా తెల్లబట్ట కప్పిన శవంతో మొదలైంది. శవం పక్కన భార్య ఏడుస్తుంటే తెర మీద రింగులు తిరిగాయి. వెంటనే ఆ చచ్చిన మనిషే సైకిల్ తొక్కుతూ పాట అందుకున్నాడు.

“సచ్చినోడు పాటెట్ల పాడుతుండే?” అంది అత్తమ్మ.

“ఇది ఎనుకటి ముచ్చట అత్తమ్మా. పెండ్లాం యాది చేసుకుంటుంది.”

“వాడొక్కడే పోతుండు గదా! ఆమె లేని కాడిది ఆమెకెట్ల యాదికొస్తది?”

“ఓ అవ్వా, జర సినిమా సూడనియ్యవా!” అన్నారు ముందు వరసలోంచి. డిగ్రీ చదివిన నేను పల్లీల పొట్లం ఆమె చేతిలో పెట్టాను.

ఆ వారంలోనే మా బాబుకు జ్వరం వచ్చింది. నేను లోపల బట్టలు మడతపెడుతుంటే అరుగు దగ్గర ధబ్బుమని చప్పుడైంది. పరుగెత్తేసరికి వాడు కింద పడి వణుకుతున్నాడు. నుదుటి మీద రక్తం.

దవాఖానలో డాక్టరుకు రక్తం గురించే చెబుతూ పోయాను.

“మొదటి నుంచి చెప్పమ్మా. పడ్డాక ఫిట్స్ వచ్చాయా, ఫిట్స్ వచ్చి పడ్డాడా? జ్వరం వల్లయితే ఫర్వాలేదు. తలకు దెబ్బ తగిలి వస్తే వరంగల్ తీసుకుపోవాలి.”

నాకు తెలిసింది చప్పుడు నుంచే. వాడు పడ్డప్పుడు వాకిట్లో తల వంచుకుని బియ్యం ఏరుతున్నది అత్తమ్మే; ఆమె వైపు చూశాను.

“పోరడు కట్టెలెక్క బిగుసుకపోయిండు సారూ. నేను జూసింది గదే. కోడలు ఉరికొస్తుంటే తలెత్తిన.”

మొదలు చూసినవాళ్లు ఎవరూ లేరు. సినిమాలో అయితే ఎవరూ లేని చోట కూడా కెమెరా ఉంటుంది. అది అక్కడికెలా వచ్చిందని మా అత్తమ్మ తప్ప ఎవరూ అడగరు.

తెల్లారేదాకా కనిపెట్టి చూడమన్నాడు డాక్టరు. వాంతులైనా, లేపితే లేవకపోయినా వరంగల్. పొద్దునకు జ్వరం దిగింది, వాడు లేచి కూర్చున్నాడు. భయం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

ఇప్పటికీ వాడు నిద్రపోయాక దీన్ని వరసగా రాయాలని కూర్చుంటాను. ప్రతిసారీ చప్పుడుతోనే మొదలవుతుంది.

ఆ పొద్దున అత్తమ్మ వాడినే అడిగింది. “ఏమైందిరా బిడ్డా నిన్న?”

“అమ్మ ఉరికొచ్చింది.”

“గంతకు ముందుగాల?” అన్నాను నేను.

వాడు “అమ్మ ఉరికొచ్చింది” అన్నాడు మళ్ళీ, బన్ను చాయలో ముంచమని నా చేతికిస్తూ.